స్వర్ణముఖి ఇసుకలో బంగారం ఎంత?

శ్రీకాళహస్తి గుడికి పడమటి పక్కన స్వర్ణముఖి ఉత్తరానికి మళ్లుతుంది. నది అంటున్నాం గానీ ఏడాదిలో చాలా నెలలు అక్కడ కనబడేది ఇసుకే. నాకు ఏడేళ్లప్పుడు ఒక సాయంత్రం మా అవ్వ ఆ ఇసుకలో కూచోబెట్టుకుని ఒక కథ చెప్పింది. ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లలందరూ ఏదో ఒక రూపంలో వినే కథే అది. గుడి కట్టేటప్పుడు కూలివాళ్లు పొద్దుగూకే దాకా రాళ్లు మోసి, ఏట్లో మునిగి, పిడికెడు ఇసుక తీసుకుని గట్టెక్కేవాళ్లట. గట్టెక్కేసరికి ఆ ఇసుక బంగారమయ్యేదట. ఎంత పని చేసినవాడికి అంత. పనిదొంగ పిడికిట్లో మాత్రం ఇసుక ఇసుకగానే ఉండిపోయేదట.

“ఊరికే ఎవురికీ రాదు నాయనా, చేసినంతే వస్తాది” అని అవ్వ కథ ముగించింది.

ఆ మాట నా చెవికెక్కలేదు. మర్నాడు పూజ దగ్గరి ఇత్తడి తాంబాళం ఎత్తుకుపోయి ఏటి గుంటలో కూచున్నాను. అమ్మ బియ్యం గాలించడం రోజూ చూసేవాణ్ణే. బియ్యంలో నీళ్లు పోసి, గిన్నెను వాటంగా తిప్పుతూ పైవి పైవి వేరే గిన్నెలోకి జార్చుకుంటే అడుగున రాళ్లు మిగులుతాయి. అలాగే ఇసుక తిప్పాను. తెల్లటి ఇసుక జారిపోయాక అడుగున నల్లటి సన్న ఇసుక గీతలా నిలిచింది. దాని మీద పసుప్పచ్చగా మెరిసే రేకులు కనిపించాయి. గుండె ఆగినంత పనైంది. వాటిని అగ్గిపెట్టెలో పోసి, బట్టల పెట్టె కింద దాచి, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు.

కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారు ఆ అగ్గిపెట్టె చూసి నవ్వలేదు. ఒక గుండుసూది ఇచ్చి, ఆ రేకును నొక్కి చూడమన్నారు. నొక్కితే పొరలు పొరలుగా విడిపోయింది. “బంగారమైతే వంగుతుంది, విడిపోదు. ఇది అభ్రకం. ఎండకూ వానకూ నల్ల అభ్రకం ఇట్లా పసుప్పచ్చ తిరుగుతుంది” అన్నారు. తర్వాత అయస్కాంతం తెచ్చి నల్ల ఇసుక పక్కన పెట్టారు. అది మీసాల్లా లేచి అతుక్కుంది. ఇనుప ఖనిజం. ఆ రెండూ పోగా అగ్గిపెట్టె అడుగున ఏమీ మిగల్లేదు. అప్పుడాయన అడిగిన ప్రశ్న నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు: “ఈ ఏరు యాడ పుట్టింది? దారిలో ఏ రాళ్లను అరగదీసింది? ఆ రాళ్లలో లేనిది ఇసుకలోకి ఎట్లా వస్తుంది?”

పేరులో పాలు, పక్కన పసిడి

స్వర్ణముఖి పుట్టేది చంద్రగిరి, పాకాల వైపు కొండల్లో. అక్కణ్ణుంచి తిరుపతి పక్కగా, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారి పొడుగునా అది అరగదీసేది నల్లరాయిని, దాని చుట్టాలైన చారల రాళ్లను, తిరుమల వైపు నుంచి దిగే వంకలు తెచ్చే గట్టి ఇసుకరాయిని. వీటిలో బంగారానికి పేరుపడ్డ రాయి ఏదీ లేదు.

ఇప్పుడు పాత చిత్తూరు జిల్లాకు అటుచివర కుప్పం వైపు చూడండి. నంది కొండల్లో పుట్టిన పాలారు కోలారు జిల్లా మీదుగా వచ్చి, కుప్పం ప్రాంతంలో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు మన నేల మీద నడిచి తమిళనాడులోకి దిగుతుంది. పేరులో ఉన్నది పాలే, బంగారం ఊసు లేదు. అయితే కోలారు గనులకు నీళ్లిచ్చిన బేతమంగళ చెరువు ఈ ఏటి మీదిదే. ఆ గనులున్న రాతి పట్టీ ఈ ఏటి పక్కనే ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్లు సాగుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని కోలారు పచ్చరాతి పట్టీ అంటారు. వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. ఒకప్పుడు సముద్రం అడుగున పొంగిన లావా, తర్వాత కాగి నలిగి పచ్చగా నల్లగా మారింది. దాని పగుళ్లలోకి చొచ్చుకొచ్చిన వేడినీళ్లు తెల్లటి పలుగురాయినీ దాంతోపాటు బంగారాన్నీ దింపిపోయాయి. ఆ పట్టీ దక్షిణపు కొస కర్ణాటక సరిహద్దు దాటి మన గుడుపల్లె మండలంలోకి వస్తుంది. శివరాత్రికి జనం ఎక్కే మల్లప్పకొండ, గనులున్న చిగురుగుంట, బిసానత్తం ఆ కొస మీదివే.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా? ఏటి గులకకైనా అంతే. తల్లి కొండలో ఏది ఉంటే అదే వస్తుంది. ఏటికి పెట్టిన పేరును బట్టి గులకలో బంగారం చేరదు.

తల్లి కొండలో బంగారం ఉందనుకుందాం. అది గులకలోకి చేరే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ఎండకు పగిలి, వానకు తడిసి రాయి పొడవుతుంది. మిగతా ఖనిజాలు తుప్పుపట్టి మట్టయిపోతాయి. బంగారానికి తుప్పు లేదు. రవ్వ రవ్వగానే వంకలోకి దొర్లుతుంది. మామూలు ఇసుక నీళ్లకంటే రెండున్నర రెట్లకు కాస్త పైన బరువు, బంగారం 19 రెట్లు. రెండింటినీ నీళ్లలో ముంచితే, నీటి ఎత్తుబడి పోగా తేడా ఇంచుమించు పదకొండు రెట్లవుతుంది. కాబట్టి వరద తగ్గుముఖం పట్టిన చోట, మలుపు లోపలి గట్టున, బండ వెనక నీడలో, అడుగురాతి చీలికల్లో మొదట దిగబడేది బంగారమే. పైన ఎంత గులక పేరుకున్నా అది అడుగుకే జారుతూ ఉంటుంది. అందుకే గాలించేవాళ్లు ఏటి పైఇసుకను వదిలేసి అడుగు గులకను తవ్వుతారు. ఏడేళ్ల వయసులో నేను తాంబాళం ముంచింది పైఇసుకలో. ఆ లెక్కన చోటూ తప్పే, ఏరూ తప్పే.

ఉరిగాంలో గాలించిన మన్ను

గుడుపల్లె దాటి సరిహద్దుకు అవతల కొద్ది దూరం పోతే ఉరిగాం, మారికుప్పం. ఈ ఊళ్లను ఇవాళ కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) అంటున్నాం. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు రాజ్యపు ఎల్లలు కొత్తగా గీయాల్సి వచ్చింది. ఆ సర్వే పని మీద 1802లో జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు ఈ తూర్పు సరిహద్దుకు వచ్చాడు. ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లిషువాళ్ల సైన్యంలో చేరినవాడు. మన పంచాంగ గణితం మీద తర్వాత ‘కాలసంకలిత’ అనే పెద్ద పుస్తకం రాసింది ఇతనే. చెవిన పడ్డ మాటను అట్టే వదిలిపెట్టే మనిషి కాదు. ఈ మన్నులో బంగారం ఉందని ఊళ్లో చెప్పుకోవడం విని, చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానన్నాడు.

ఊరివాళ్లు బండ్ల మీద మన్ను తోలుకొచ్చారు. ఆడవాళ్లు అతని ఎదుటే గాలించారు. ఆ చెయ్యి తిప్పుడు వాళ్లకు కొత్త కాదు, తరాల నాటి నుంచీ చేస్తున్నదే. మట్టి కరిగి ఎర్రటి నీళ్లు పోయాయి, గులక పోయింది, ఇసుక పోయింది, చివరికి అడుగున పసిడి రవ్వలు మిగిలాయి. 56 కిలోల మన్నుకు ఒక గ్రెయిన్ బంగారం తేలిందని ఆనాటి లెక్క. గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు, బియ్యపు నూకంత. దాన్ని నేటి కొలతలోకి మార్చి చూశాను. టన్ను మన్నుకు ఒక గ్రాము పైచిలుకు. ఇవాళ ఇంజినీర్లు తక్కువ గ్రేడు అని పిలిచే నిక్షేపం సరిగ్గా ఇలాంటిదే.

ఆ ఆడవాళ్ల పేర్లు నేను చూసిన ఏ కాగితంలోనూ లేవు. వారెన్ పేరుంది. తర్వాతి కాలంలో బెంగళూరు దండులో విశ్రాంతి తీసుకుంటున్న మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు వారెన్ రాతలు చదివాడు. న్యూజిలాండ్ యుద్ధాల నుంచి తిరిగొచ్చినవాడు, బంగారం వేట అంటే చెవికోసుకునేవాడు. 1871లో ఎద్దులబండి కట్టించుకుని కోలారుకొచ్చాడు, 1875లో తవ్వకానికి అనుమతి సంపాదించాడు. 1880లో లండన్ నుంచి జాన్ టేలర్ కంపెనీ దిగింది. 1902కల్లా శివసముద్రం జలపాతం నుంచి కరెంటు తెచ్చారు. ఇదంతా ఎన్నోసార్లు రాసినదే, సినిమాల దాకా పోయినదే. నేను మళ్లీ చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మూడు కిలోమీటర్ల లోతు గనులన్నిటికీ మొదటి ఆచూకీ ఇచ్చింది బియ్యం గాలించే చేతులు. చిత్తూరు పల్లెల నుంచి ఆ గనుల్లోకి దిగిన మగవాళ్ల గురించి కొంతైనా రాశారు. ఈ ఆడవాళ్ల గురించి నాకు తెలిసి పేరాకు మించి ఎవరూ రాయలేదు.

సవర లెక్క

మన దగ్గర బంగారాన్ని సవర్లలో లెక్కేస్తాం. సవర అంటే ఎనిమిది గ్రాములు. పెళ్లిలో ఎన్ని సవర్లు పెట్టారన్నదే మాట, గ్రాముల ఊసు ఉండదు. గనిలో ఎంత బంగారం ఉందని అడిగేవాళ్లకు నేను సవరలోనే జవాబు చెబుతాను.

ఉరిగాం మన్ను లెక్కలో ఒక సవరకు ఏడు టన్నులు గాలించాలి. టన్నుకు అర గ్రాము ఉన్న గులకైతే పదహారు టన్నులు, అంటే మూడు నాలుగు ట్రాక్టర్ల లోడు. కోలారు గనుల తొలినాళ్లలో టన్నుకు 47 గ్రాముల దాకా దక్కింది. అంటే టన్ను రాయికి ఇంచుమించు ఆరు సవర్లు. నూటిరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీశాక, చివరి రోజుల్లో టన్ను రాయికి అర సవర కూడా రాని స్థితి వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అనే మాట మనం ఎగతాళికి వాడతాం. బంగారు గనిలో మాత్రం అది రోజువారీ పని. ఎలుక ఎంత పెద్దది, కొండ ఎంత లోతు అన్నదే ప్రశ్న. మూడు కిలోమీటర్ల కిందికి దిగి, మండిపోయే రాతి మధ్య మనిషిని నిలబెట్టి, నీళ్లు తోడి, గాలి పంపి మూడు గ్రాములు తెస్తే ఖర్చే మింగేస్తుంది. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. ఆ ఏడాదే దాని చేతిలోని చిగురుగుంట పనులూ ఆగిపోయాయి.

చిగురుగుంట, బిసానత్తం నేలలో ఇంకా మిగిలిందని ప్రకటించిన అంచనా 18.3 లక్షల టన్నుల ముడిరాయి, టన్నుకు సగటున 5.15 గ్రాములు. గుణిస్తే తొమ్మిదిన్నర టన్నులకు కాస్త తక్కువ బంగారం. వేలంలో ఆ బ్లాకు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది. ఒక సవరకు ఒకటిన్నర టన్ను రాయి చాలు కాబట్టి, ఉరిగాం మన్నుతో పోలిస్తే ఇది బలమైన గ్రేడే. కానీ అది గట్టిరాతిలో ఉంది, తవ్వి, పగలగొట్టి, పిండి చేస్తే గానీ బయటికి రాదు. గులకలో ఆ పిండి చేసే పనంతా ఏరే లక్షల ఏళ్లు చేసిపెట్టింది. అందుకే టన్నుకు అర గ్రాము ఉన్న గులక కూడా ఒక్కోచోట గిట్టుబాటవుతుంది, మూడు గ్రాముల రాయి గిట్టక మూతపడుతుంది. పిండి కొద్దీ రొట్టె అంటాం గదా, ఇక్కడ పిండితోపాటు విసిరిన కూలి కూడా లెక్కలోకి వస్తుంది.

కేజీఎఫ్ రైలు దిగితే ఊరి మధ్యన బూడిదరంగు గుట్టలు కనబడతాయి. సైనైడు గుట్టలంటారు. పిండి చేసి, బంగారం తీసి, పారబోసిన రాతిపొడి. అన్నీ కలిపి 3.3 కోట్ల టన్నులని లెక్క. కొండను మనిషి అరగదీసి కట్టిన ఇసుకతిన్నెలు అవి. వాటిలో ఇంకా టన్నుకు గ్రాములో ముప్పాతిక దాకా ఉంది. మళ్లీ కడగొచ్చు అని 2024లో 13 గుట్టల విషయం కర్ణాటక మంత్రివర్గం దాకా వచ్చింది. వేసవి గాలికి ఆ పొడి లేచి ఇళ్ల మీద, పొలాల మీద పడుతుంటే దాన్ని పీల్చిన తరాలు అక్కడున్నాయి. ఆ గుట్టలను కదిపేవాళ్లు మొదట ఆ దుమ్ము గురించి మాట్లాడాలి. బంగారం లెక్కలు తర్వాత.

చెనిక్కాయ ఉండలాంటి రాయి

ఏటి గులక కదలకుండా పడుండి, దాని మీద ఇంకా ఇంకా మేట పడి, సందుల్లో ఇసుక బిగిసి, కోట్ల ఏళ్లకు మొత్తం ఒకే బండ అయిపోతుంది. దాన్ని కాంగ్లామరేట్ అంటారు. మన జిల్లాలో ఈ మాటకు బొమ్మ అక్కర్లేదు. చెనిగ్గింజలు వేయించి బెల్లంపాకంలో కలిపి చుట్టిన ఉండను కొరికి చూస్తే చాలు. గింజలు గులకరాళ్లు, పాకం ఇసుక. దక్షిణాఫ్రికాలో డచ్చి మాట్లాడే రైతులకూ ఆ రాయిని చూస్తే తినుబండారమే గుర్తొచ్చింది. బాదంపప్పులతో చేసే తమ మిఠాయి పేరు పెట్టి దాన్ని బాంకెట్ అన్నారు.

ఆ మిఠాయి రాతిలో బంగారం ఉందని 1886లో లాంగ్లాగ్టె అనే పొలంలో తేలింది. విట్‌వాటర్స్‌రాండ్ (పొట్టిగా రాండ్) అని పిలిచే ఆ గట్టు మీదే జొహానెస్‌బర్గ్ నగరం లేచింది. మనిషి ఇంతవరకూ నేలలోంచి తీసిన బంగారంలో అంత పెద్ద వాటా మరే ఒక్క చోటి నుంచీ రాలేదు. చూస్తే అది కంటికి ఆనే బంగారం కాదు. గులక సందుల్లో పొడిలా ఉంటుంది. టన్నుకు వచ్చే గ్రాములు కోలారు తొలినాళ్ల ముందు దిగదుడుపు. కానీ ఆ పొరలు మైళ్లకు మైళ్లు ఒకే తీరున సాగుతాయి. ఇవాళ ఇక్కడ దొరికింది రేపు పక్కన దొరుకుతుందన్న నమ్మకం మీద నాలుగు కిలోమీటర్ల లోతుకు పోయారు. మొదట్లో పాదరసంతో బంగారం పట్టేవాళ్లు. కాస్త లోతుకు పోగానే గంధకం కలిసిన ఖనిజం ఎదురై పాదరసం మొరాయించింది, షేర్లు కుప్పకూలాయి. 1887లో స్కాట్లండులో మెకార్థర్, ఫారెస్ట్ సోదరులు కనిపెట్టిన సైనైడు పద్ధతి వచ్చి ఆ గనులను నిలబెట్టింది.

ఈ రాళ్ల వయసు సుమారు 290 కోట్ల ఏళ్లు. వాటిలో గులకతో పాటు దొర్లి గుండ్రబడిన ఇనుప గంధకపు గింజలు, యురేనియం ఖనిజపు గింజలు ఉన్నాయి. ఇవాళ్టి ఏట్లో అవి బతకవు, గాలిలోని ప్రాణవాయువు తగిలి తుప్పై కరిగిపోతాయి. అంటే ఆ ఏరు పారిన కాలానికి గాలిలో ప్రాణవాయువు లేదన్నమాట. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట అది పెరిగింది, ఆ తర్వాతి గులకల్లో ఆ తీరు మళ్లీ కనబడదు. బంగారం ఏటితో దొర్లివచ్చిందా, తర్వాత వేడినీళ్లు తెచ్చాయా అని శాస్త్రవేత్తలు వందేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. దొర్లి వచ్చాక కొంత కదిలిందనే వైపే ఎక్కువమంది ఉన్నారు.

ఇక మన కొండలకు వద్దాం. తిరుమల ఘాట్ రోడ్డులో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించిన చోటు ఒకటుంది. బస్సులోంచి తొంగిచూసేవాళ్లకు మామూలు రాతికోతే. కింద 250 కోట్ల ఏళ్లు పైబడిన నల్లరాయి, దాని మీద చాపలు పరిచినట్టు నగరి ఇసుకరాయి. రెండింటి నడుమ జారిపోయిన కాలం 80 కోట్ల ఏళ్లని లెక్క. అంతకాలం కొండలు అరిగాయి, నేల చదునైంది, తర్వాత సముద్రం వచ్చి ఇసుక పరిచింది. నేను ఆ గీత మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. చిటికెనవేలు ఒక కాలంలో, బొటనవేలు మరో కాలంలో ఉన్నాయి. ఈ పై రాయి ప్రాణవాయువు వచ్చాక పుట్టింది, కిందున్నది నల్లరాయి. రాండ్‌లో ఉన్నది ఇక్కడ ఎందుకు లేదో ఆ గీతే చెబుతుంది. అంత పాత గులక కావాలంటే కర్ణాటకలో చిక్కమగళూరు వైపు బాబాబుడన్ కొండల అడుగుకు పోవాలి. అణు ఖనిజాల సంస్థ అక్కడ వెతికి యురేనియం, దానితో కొద్దిపాటి బంగారం జాడలు చూసింది.

తిరుపతి జిల్లా తూర్పు అంచున సత్యవేడు ఉంది. తెలుగుగంగ కాలువ మద్రాసుకు నీళ్లు మోసుకెళ్లే ఆ నేలలో అచ్చమైన కాంగ్లామరేట్ ఉంది, సత్యవేడు పేరే దానికి పెట్టారు. డైనోసార్ల కాలపు గులక అది. తలకాయంత గుండ్లు, గుప్పెడంత గులకలు, అన్నీ నున్నగా. చాలావరకు పడమటి నగరి కొండల నుంచి దొర్లినవే. ఒకసారి సముద్రపు ఇసుకగా పుట్టి, కొండగా లేచి, మళ్లీ గులకగా దొర్లి, మళ్లీ బండైన రాయి. తల్లి కొండలో పసిడి లేదు కాబట్టి బిడ్డలోనూ ఆశ లేదు. కానీ ఈ గులక విలువ తెలిసినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. సరిహద్దుకు అవతల తిరువళ్లూరు జిల్లా అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ రాతి గొడ్డళ్లు చూశారు. వాటిని చెక్కింది ఈ జాతి గులకరాళ్ల మీదే. అక్కడి అట్టడుగు పొరల వయసు సుమారు పదిహేను లక్షల ఏళ్లని 2011లో తేల్చారు. రాయి పగిలే తీరు చేతితో తూచి, మంచి గుండును ఏరుకున్న మనుషులు వాళ్లు.

తెలుగు నేలలో గులకబండ నిధి ఇచ్చిన చోటూ ఉంది. కర్నూలు వైపు బనగానపల్లె గులకబండలో వజ్రాలున్నాయి. దాన్ని గుహల్లా తొలిచి, పిండి చేసి, కడిగి వజ్రాలు ఏరేవాళ్లు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చేలల్లో వంగి నడిచే జనం ఇవాళ్టికీ వెతికేది ఏ పాత గులకలోంచో బయటపడ్డ రాయినే. అక్కడా సూత్రం ఒకటే, తల్లి రాయి దగ్గరుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పి తీరాలి. ఊళ్లో బంగారు రవ్వ దొరికిందనగానే వాట్సాప్‌లో నిధులు పుట్టుకొచ్చే రోజులివి. 2017లో పశ్చిమ ఆస్ట్రేలియా పిల్‌బరాలో పుచ్చగింజల్లాంటి బంగారు గింజలు కాంగ్లామరేట్‌లోంచి ఊడివచ్చాయి. ఇంకో రాండ్ దొరికిందని షేర్ల వెంట జనం పరుగెత్తారు. చిక్కల్లా ఒకటే. గరిటెడు పాయసంలో మూడు జీడిపప్పులు రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. ఒక్క గరిట చూసి గుండిగలో ఎన్ని ఉన్నాయో చెప్పలేం. బంగారం గింజలుగా ఉన్నచోట చిన్న నమూనా ఏదీ నిజం చెప్పదు, టన్నులకు టన్నులు తవ్వి కడిగితే గానీ గ్రేడు తేలదు. రెండో రాండ్ అక్కడ లేవలేదు. మన ఊళ్లో ఎవరైనా ఒక రాయి చూపించి పెట్టుబడి అడిగితే, ఎన్ని టన్నులు కడిగి చూశారని అడగండి.

ఇసుక వెలకూ గ్రేడుకూ సంబంధం లేని రోజొకటి వచ్చేసింది. స్వర్ణముఖిలో పిడికెడు బంగారం లేకపోయినా ఇసుకను ట్రాక్టర్లకు ఎత్తుతూనే ఉన్నారు. ఏటి గులక అంటే నీటి తొట్టి. వాన వెళ్లాక కూడా ఊట పట్టి బావులకు అందించేది ఆ సందులే. నేను తాంబాళం పెట్టి కూచున్న గుంట ఉన్నచోట ఈ మధ్య వెతికితే అడుగుబండ బయటపడి ఉంది. బంగారం గాలించేవాడికి అడుగుబండ కనబడితే పండగ. ఏటిగట్టు రైతుకు అది బావి ఎండిన కబురు. కూలివాళ్లకు అవ్వ చెప్పిన కూలి ఈ ఇసుకలోంచి నీళ్ల రూపంలో ఇన్నాళ్లూ దక్కిందనే నేను నమ్ముతాను.

వీధిలో గాలింపు

పాత తెలుగులో జలగడుగు అనే మాట ఉంది. కంసాలి కొలిమి బూడిదను, అంగడి దుమ్మును కడిగి బంగారు రవ్వలు ఏరడం ఆ మాటకు అర్థం. మాట వాడుకలోంచి జారిపోయింది, పని జారిపోలేదు. తిరుపతి బంగారు అంగళ్ల వీధిలో తెల్లవారకముందే పోతే చూడొచ్చు. షట్టర్లు మూసి ఉంటాయి. ఒకామె మెట్ల సందుల్లో, కాలువ అంచున చిన్న చీపురుతో గీకి గీకి దుమ్ము రేకుడబ్బాలోకి ఎత్తుతోంది. ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి, పనివాళ్ల చెప్పులకు అంటుకుని గడప దాటిన రవ్వ ఆమె గని.

వీధి కొళాయి దగ్గర బాండలి పెట్టుకుని కూచుంది. మొదటి తిప్పుకు తలవెంట్రుకలు, తమలపాకు ముక్కలు, బీడీ ముక్కలు తేలిపోయాయి. రెండు మూడు తిప్పులకు మురికి తేరుకుంది. పది పన్నెండు తిప్పులయ్యాక అడుగున నల్లటి పొడి నిలిచింది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ పొడి మీద తిప్పింది. ఆకురాయి ఇనుపరజను కవరుకు అతుక్కుంది. కవరు తిరగేసి దులిపి మళ్లీ తిప్పింది. నేను తాంబాళంతో చేసిన పనే, మాస్టారు అయస్కాంతంతో చేసిన పనే. ఈసారి అడుగున మిగిలింది అభ్రకం కాదు. సూదిమొనంత రవ్వలు, నాలుగో అయిదో.

“ఏమ్మా, రోజుకు ఎంత పడతాది?” అని అడిగాను.

“పడిన పొద్దు పడతాది సార్, లేని పొద్దు నీళ్లే” అంది.

ఆ రవ్వలను ముద్ద చేయడానికి వాళ్లు పాదరసం వాడతారు. రవ్వలన్నీ దాన్ని అంటుకుంటాయి, గుడ్డలో వేసి పిండితే పాదరసం దిగి ముద్ద మిగులుతుంది, ఆ ముద్దను కాలిస్తే మిగతా పాదరసం ఆవిరైపోతుంది. ఆ ఆవిరి పోయేది కాల్చే మనిషి ఊపిరితిత్తుల్లోకి, అక్కణ్ణుంచి నరాల్లోకి. లోకంలో మనుషుల పనుల వల్ల గాలిలోకి చేరే పాదరసంలో అన్నిటికంటే పెద్ద వాటా ఇలాంటి చిన్న బంగారు పనులదే. దాన్ని అరికట్టే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. ఆ సంగతి ఈ కొళాయి దగ్గరికి ఇంకా ఎవరూ తెచ్చి చెప్పలేదు. ఇంట్లో కాల్చొద్దని, ఆరుబయట గాలివాలు చూసుకుని దూరంగా నిలబడమని, పిల్లలను దగ్గరికి రానివ్వద్దని నేను చెప్పాను. ఆమె తలూపింది. ఈ వీధి అంగళ్లవాళ్లు తమ దుమ్మును మూకుమ్మడిగా శుద్ధి చేయించి ఈ ఆడవాళ్లకు కూలి కట్టివ్వడం అసాధ్యమేమీ కాదు. అడిగేవాళ్లు కావాలి, అంతే.

తెల్లారి షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. ఆమె రవ్వలను తడి వేలితో అద్ది చిన్న సీసాలోకి దులిపింది. బాండలి చుట్టూ పేరుకున్న కడిగిన మన్నును కాలువలోకి తోస్తుందేమో అనుకున్నాను. తోయలేదు. రెండు చేతులా ఎత్తి, నీళ్లు పిండి, గోనెసంచిలో పోసి మూతి కట్టింది.

“అది కడిగేశావు గదమ్మా?”

“ఒక్కసారికే అంతా వదల్దు సార్. ఆరబెట్టి మళ్లీ కడగాల” అంటూ సంచి నెత్తికెత్తుకుంది.